ఆఖరి గ్లాసు పాట

"గిన్నెలు తోముతున్నావా, వాటితో మాట్లాడుతున్నావా?" అంది అత్తయ్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆమె ఉలిక్కిపడి చేతుల వంక చూసుకుంది. కుడిచెయ్యి, అందులో లేని గ్లాసునొకదాన్ని పట్టుకున్నట్టు వంగి ఉంది. ఎడమచెయ్యి గాల్లో ఎక్కడో ఆగిపోయింది. నురగ వేళ్ల సందుల్లోంచి మోచేతిదాకా జారుతోంది. కుళాయి దాని మానాన అది పోతూనే ఉంది. అప్పటిదాకా ఆమె ఉన్నది వంటింట్లో కాదు. వాన వెలిసిన రోడ్డు మీద, ఎర్రదీపం కింద, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్న ఎవరో పిల్ల ఒంట్లో ఉంది. ఆ పిల్లని ఆ రోడ్డు మీదే వదిలేసి వచ్చి కుళాయి కట్టేసింది.

"పాట ప్రాక్టీసు అత్తయ్యా."

"పాటా అది? నిన్న నీ ఫోన్లోంచి విన్నాగా. రేకు డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుంది. పైగా ఆ పిల్ల ఏమంటోంది? ఇంకో గ్లాసు పొయ్యమంటోంది. ఇంట్లో ఒకడు అంటున్నది చాలడంలేదూ, నువ్వు నలుగురిలో నిలబడి చేతులూపుతూ మళ్లీ అదే అనాలా?"

అత్తయ్య మాటల్లో ఎప్పుడూ సగం నిజం ఉంటుంది. మిగతా సగం కొడుకు కోసం అట్టేపెట్టుకుంటుంది.

ఆమెది దుబాసీ పని. చెవులు వినిపించనివాళ్లకీ వినిపించేవాళ్లకీ మధ్య నిలబడి, మాటని సైగ చేసి, సైగని మాట చేసి అందించడం. కోర్టులో, ఆస్పత్రిలో, బ్యాంకు కౌంటరు దగ్గర. ఈ విద్య ఆమె కాలేజీలో నేర్చుకోలేదు, అమ్మ ఒళ్లో నేర్చుకుంది. అమ్మకి పుట్టుచెవుడు. పాలపళ్లు ఊడకముందే దుకాణంలో బేరం, డాక్టరు దగ్గర రోగం, ఇరుగమ్మతో పోట్లాట, అన్నీ అమ్మ తరఫున ఈమే. ఒకసారి పక్కింటావిడ తిట్టిన తిట్లన్నీ పొల్లు పోకుండా అమ్మకి చూపించి, అమ్మ ఇచ్చిన జవాబుని పొల్లు పోకుండా పక్కింటావిడకి గొంతెత్తి వినిపిస్తే, ఆవిడ అమ్మని వదిలేసి ఈ పిల్ల చెంప వాయించింది. అమ్మ ఆ చెంప నిమిరి, 'బాగా చెప్పావు' అని సైగ చేసింది. ఆమె అందుకున్న మొదటి జీతం అదే.

ఈ పనికి ఒక ధర్మం ఉంది. 'ఆవిడ ఇలా అంటోంది' అనకూడదు. ఆవిడ 'నేను' అంటే దుబాసీ కూడా 'నేను' అనాలి. అలా ఎంతమంది నేనుల్ని మోసిందో ఆమెకే లెక్క తెలియదు. 'నేను దొంగతనం చెయ్యలేదు' అంది. 'నా రొమ్ములో గడ్డ ఉందా డాక్టర్' అంది. 'నాకీ కాపురం వద్దు' అని జడ్జి ఎదట గొంతు వణక్కుండా అంది. సాయంత్రం ఆ నేనులన్నిటినీ చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి, లోపలికొచ్చి పొయ్యి వెలిగిస్తుంది.

లోపల కూడా అదే పని, కాకపోతే జీతం లేదు, ధర్మమూ లేదు. ఆమె భర్త గోడౌన్‌లో సూపర్‌వైజరు. మంచివాడే, పొద్దువాలేదాకా. పొద్దున్నే కూతురికి రెండు జడలూ ఒకే ఎత్తున వేసి, రిబ్బన్లు కట్టి, "మా దొరసానికి ఎవరూ దిష్టి పెట్టకండి" అని నవ్విస్తాడు. పొద్దువాలిన దగ్గర్నుంచీ అతని ఒంట్లో ఎక్కడో పురుగు తొలుస్తుంది. అక్కణ్నుంచి అతను తన చేతుల్లో ఉండడు. మర్నాడు డ్యూటీకి లేవలేకపోతే గోడౌన్‌కి ఫోన్ చేసేది ఆమె. "వైరల్ ఫీవర్ సార్." "నడుం పట్టేసింది సార్." "మా అత్తగారికి బాలేదు సార్, ఆస్పత్రిలో ఉన్నాం." ఈ ఏడాది అత్తయ్య ఫోన్లోనే రెండుసార్లు ఐసీయూలోకి వెళ్లొచ్చింది. మనిషి మాత్రం గుండ్రాయిలా ఉంది. మొదట్లో అబద్ధం చెప్తుంటే నాలుక ఎండిపోయేది. ఇప్పుడు అబద్ధానికి కూడా గొంతులో ఒక దారి పడిపోయింది, గడ్డిలో మేకలు నడిచి నడిచి పడ్డ దారిలాగా.

ఆదివారం మధ్యాహ్నం పార్కులో ఆరుబయట పాటల షో ఉంది. చెవిటివాళ్లు కూడా వస్తారు కాబట్టి దుబాసీ కావాలన్నారు. ఆమె ఎప్పుడూ పాట చెయ్యలేదు. పంక్ పాట అన్నారు. రాగం కంటే కోపం ఎక్కువ. ముగ్గురు వాయిస్తారు, ఒకామె అరుస్తుంది. పాట పేరు 'ఆఖరి గ్లాసు'.

అదే ఆదివారం, అదే వేళకి, గోడౌన్ మేనేజరు ఇంటికొస్తానన్నాడు. "కాయితాల మీదకి వెళ్లకముందు ఇంట్లోవాళ్లతో ఒకసారి మాట్లాడదామని" అన్నాడట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ మాటల్లో తేలుతుంది.

"నువ్వుంటే చాలు," అన్నాడు భర్త. ఆ పూట తాగలేదు, అందుకని గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. "నాకు నరాల జబ్బేదో ఉంది, మందులు వాడుతున్నామని చెప్పు. నువ్వు నోరు విప్పితే ఎవడైనా కరగాల్సిందే. పరాయివాళ్ల కోసం రోజంతా మాట్లాడతావు, మొగుడి కోసం రెండు ముక్కలు మాట్లాడలేవా?"

"ఆ రోజు షో ఉందండీ."

"షోకి ఇంకొకరు దొరుకుతారు. నాకు దొరకరుగా. ఈ ఒక్కసారికి."

ఆమె అవుననలేదు, కాదనలేదు. పాట చెవిలో పెట్టుకుని బస్సెక్కింది.

పాట చెవిలో ఉంటే పట్టపగలు కూడా పొద్దువాలినట్టే ఉండేది. బస్సు అద్దాలు నల్లబడేవి. నిలబడి నిద్రపోతున్న మనుషుల ముఖాల మీద నీలం, ఎరుపు వెలుగులు పాకేవి. పళ్లబండి మీద గొడుగు విచ్చుకుని ఏదో బారు ముందర పందిరి అయ్యేది. 'పగలు నాకు ఇరుకు చొక్కా' అని ఆ పిల్ల చెవిలో అరిచేది. 'గుండీ తెగితే గానీ ఊపిరాడదు. ఇంకొక్కటి పొయ్యి, ఇంటిదారి కరిగిపోనీ.' తర్వాత గిటారు రంపంలా కోసేది. ఆ కోతలోంచి మళ్లీ అదే గొంతు, ఈసారి దాదాపు జోలపాటలా, 'ఇదే ఆఖరు, ఇదే ఆఖరు, రేపట్నుంచి మంచిదాన్నవుతా.' ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయేది. రెండు స్టాపులు వెనక్కి నడిచేది, వేళ్లు గాల్లో వాటంతటవి కదులుతుండగా. దారిన పోయేవాళ్లు ఈమెకేదో గాలి సోకిందనుకునేవారు.

పాట రాసి పాడే అమ్మాయి రిహార్సల్లో కనిపించింది. తల ఒక పక్క నున్నగా గొరిగి, రెండో పక్క జుట్టు భుజందాకా. చేతిలో మంచినీళ్ల సీసా. "ఈ పాటకి అర్థం ఏంటమ్మా?" అని అడిగింది ఆమె. మాటలకి కాదు, మాటల కింద ఉన్నదానికి. అర్థం తెలియకుండా చేతులాడవు.

అమ్మాయి సీసా మూత తిప్పుతూ ఆలోచించింది. "నేను మానేశాను ఆంటీ. పాటలో పిల్ల మాత్రం ఇంకా మానలేదు. దాని మీద జాలి పడొద్దు, అదొక్కటే నేనడిగేది. జాలిపడేవాళ్లు దానికి బోలెడంతమంది."

జాలి పడకుండా తాగేవాళ్లని చూడటం ఎలాగో ఆమెకి తెలియదు. ఇంట్లో జాలికీ కోపానికీ వంతులేసుకుని బతకడమే తెలుసు.

సైగలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేందుకు టైలరక్క ఉంది. టైలరక్క చెవిటిది, నోరు మాత్రం పెద్దది. అంటే చేతులే, కానీ ఆ చేతులకున్నంత నోరు వినిపించేవాళ్లలో ఎవరికీ లేదు. టైలరక్క కుట్టు దుకాణంలో, ట్రయల్ అద్దం ముందు, సగం కుట్టిన జాకెట్ల మధ్య నిలబడి ఆమె పాట మొత్తం చేసి చూపించింది. ఇరుకు చొక్కా దగ్గర మెడ కింద గుండీ తెంపింది. ఇంటిదారి దగ్గర అరచేయి మీద గీసిన దారిని ఇంకో చేతి వేళ్లతో నీళ్లలా చెరిపేసింది. ఆఖరు దగ్గర గ్లాసు ఎత్తి, ఎత్తి, ఎత్తి దించింది.

టైలరక్క నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. తర్వాత సైగ చేసింది.

"ఎవరు తాగుతున్నారిందులో?"

"పాటలో పిల్ల."

"నాకు పిల్ల కనబడలేదు. నీ మొగుడు కనబడ్డాడు. వాడు కూడా సగమే. మిగతా సగం వాడి పెళ్లాం."

"అదేంటక్కా?"

"మళ్లీ చెయ్యి. అద్దంలో నీ చేతులు కాదు, కళ్లు చూసుకో."

మళ్లీ చేసింది. ఈసారి చూసుకుంది. సైగల భాషలో సగం మాటలు కళ్లవి. చూపు ఎటు తిరిగితే అటు మనిషి ఉన్నట్టు, భుజం ఎటు ఒరిగితే ఆ మనిషే మాట్లాడుతున్నట్టు. 'ఇంకొక్కటి పొయ్యి' అని చేతులు అంటున్నాయి. కళ్లు మాత్రం గ్లాసు మీద లేవు, వీధి మీద లేవు. ప్రతి చరణం చివరా, తనకి తెలియకుండానే, కుడిపక్కకి కాస్త పైకి పోతున్నాయి. అక్కడ ఏముంది? గడియ. లోపలినుంచి వేసిన తలుపు గడియ. అడుగుల చప్పుడు ఏ మెట్టు దాకా వచ్చిందో వింటున్నట్టు తల కొంచెం వంగి, చెయ్యి లేవబోతూ.

"చూశావా?" అంది టైలరక్క. "పాట తాగేదానిది. నువ్వు చేస్తున్నది తలుపు తీసేదాన్ని."

దుకాణంలో కుట్టుమిషను ఆగి ఉంది. ఫ్యాను గాలికి జాకెట్లు తలలు లేని మనుషుల్లా ఊగుతున్నాయి. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం చెయ్యనక్కా? మనిషి బయట పడుంటే తలుపు తియ్యకుండా ఎలా?"

"నేను తలుపు సంగతి అడగలేదు. పాట సంగతి అడిగా. జనం ముందు నిలబడి ఆ పిల్ల గొంతులో నీ సంసారం పోస్తే ఆ పిల్ల ఏమైపోవాలి?" టైలరక్క మళ్లీ సూదులు నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "సరే, అడిగావు కాబట్టి చెప్తా. ఒళ్లు తెలియకుండా పడిపోతే తియ్యి. వాడి బదులు నువ్వు మాట్లాడటానికి మాత్రం తియ్యకు."

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతుంటే హాల్లో ఫోన్ మోగింది. కూతురు ఎత్తింది. కూతురి స్నేహితురాలి తల్లి. మర్నాడు పిల్లల్ని ఆటల పోటీకి కార్లో తీసుకెళ్తానని భర్త వారం కిందట ఎప్పుడో తాగని పూట మాటిచ్చాడు.

"నాన్నకి జ్వరం ఆంటీ," అంటోంది పిల్ల. "వైరల్. డాక్టరు రెస్టు తీసుకోమన్నారు. నాన్నే చాలా ఫీలవుతున్నారు ఆంటీ, ఏమనుకోకండి."

ఆమె చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. అది తన గొంతు. మాట మాటకీ కాస్త తగ్గిస్తూ, చివర్లో కొంచెం దిగులు కలిపి, అవతలివాళ్లు ఇంకో ప్రశ్న అడగడానికి సిగ్గుపడేలా చేసే తన గొంతు. రెండు జడల మధ్యనుంచి వస్తోంది.

"ఎవరు చెప్పమన్నారే?"

"ఎవరూ చెప్పమనలేదు. నువ్వొచ్చినా అదేగా చెప్తావు. నీకు పని తప్పించా."

పిల్ల మంచి పని చేసినట్టే నవ్వింది. తను అమ్మ మాటల్ని మోసింది నిజమే, తిట్లు కూడా మోసి చెంపదెబ్బ తిన్నది. కానీ అవి అమ్మ మాటలు. అమ్మ చేతుల్లోంచి పుట్టినవి. ఈ పిల్ల మోస్తున్నవి ఎవరివి? అతను అనలేదు. తను చెప్పమనలేదు. ఇంట్లో గాలికి తేమలా పట్టేసిన మాటలు, గోడల్లోంచి పిల్ల గొంతులోకి దిగిపోయాయి. ఆమె కూతురి జడలు దువ్వుతున్నట్టు తల మీద చెయ్యి వేసింది. "అమ్మా, నొప్పి" అంది పిల్ల. అప్పుడు తెలిసింది తను ఎంత గట్టిగా పట్టుకుందో.

ఆదివారం వచ్చింది. భర్త గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. రెండు రోజులుగా ముట్టలేదు. చేతులు వణుకుతుంటే మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. ఆ చేతుల వంక చూడకుండా ఆమె బీరువా తీసింది. నల్లచొక్కా వేసుకుంది, చేతులు స్పష్టంగా కనబడాలని. ఉంగరం తీసి మంచం పక్కన పెట్టింది. దుబాసీ వేళ్లకి మెరుపు ఉండకూడదు, చూసేవాళ్ల కన్ను దాని మీదకి పోతుంది.

అత్తయ్య ఆ ఉంగరం వంక చూసింది. "బాగుంది. అటు మొగుడి ఉద్యోగం ఊడుతుంటే ఇటు ఉంగరం ఊడదీసి ఆటకి వెళ్తోంది మా కోడలు."

"ఆట కాదత్తయ్యా, పని."

"ఇంటి గడపలో పని పెట్టుకుని బయటికెళ్లే పనేంటో!"

ఆమె గుమ్మం దాటుతుంటే భర్త, "పోనీ ఫోన్లో అయినా మాట్లాడు," అన్నాడు. "ఆయనొచ్చాక అమ్మ చేస్తుంది. ఈ ఒక్కసారికి."

ఆమె ఫోన్ జేబులో వేసుకుని మెట్లు దిగింది.

పార్కులో స్టేజీ మీద ఎండ పసుపుగా, చిక్కగా, కదలకుండా నిలబడి ఉంది. ముందు వరసల్లో చెవిటివాళ్లు కూర్చున్నారు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో బెలూన్. డప్పు మోత బెలూన్ లోపలి గాలిని వణికిస్తుంది. దాన్ని గుండెకి ఆనించుకుంటే పాట పక్కటెముకల్లోంచి వినిపిస్తుంది. టైలరక్క ఎర్ర బెలూన్ పట్టుకుని మొదటి వరసలో, తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టర్‌లా కూర్చుంది.

గిటారు రంపం మొదలైంది. కాళ్ల కింద చెక్కలు వణికాయి. ఆమె చేతులెత్తింది.

ఎండ ఎటు పోయిందో తెలియదు. రోడ్డు తడిసి ఉంది. దీపాలన్నీ నీళ్లలో తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది, చల్లగా ఉంది అరికాళ్లకి, ఎవరూ ఆమె కోసం ఎదురు చూడటం లేదు, అదెంత హాయిగా ఉందో, ఎంత భయంగా ఉందో! ఎన్నడూ తాగని మనిషి తాగినట్టు చెయ్యడం ఎలాగని ఇన్నాళ్లూ తర్జనభర్జన పడింది. ఇప్పుడు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. గ్లాసు పెదవుల దాకా వచ్చేసరికి ఆ రుచి తనకి తెలుసు. ఫోన్లో 'అయ్యో, జాగ్రత్తగా చూసుకోండమ్మా' అని అవతలివాళ్లు నమ్మినప్పుడు గొంతులోంచి కిందికి దిగే వెచ్చదనం. అమ్మయ్య, ఈ పూటకి గడిచింది. నేను లేకపోతే ఈ ఇల్లు ఏమైపోయేదో అనే చిన్న మత్తు. ఆ మత్తు దిగగానే సిగ్గు. సిగ్గు పోవడానికి మళ్లీ ఇంకొక్కటి. ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అని ఇంట్లో అతనొక్కడే అంటున్నాడనుకుంది ఇన్నేళ్లూ. 'ఇదే ఆఖరు, రేపట్నుంచి మంచిదాన్నవుతా' అని జోలపాట గొంతు వెనకనుంచి అల్లుకుంటుంటే, ఆమె వేళ్లు దాన్ని అనువదించలేదు. తమ మాటలా అన్నాయి. జాలి లేదు. ఆ పిల్ల మీదా లేదు, తన మీదా లేదు. కళ్లు ఎటూ పోలేదు. ఎదురుగా ఉన్నవాళ్ల కళ్లలోకి తిన్నగా చూశాయి.

పాట ఆగింది. బెలూన్లు ఒళ్లోకి దిగాయి. ముందు వరసలన్నీ చేతులు పైకెత్తి గాల్లో ఆడించాయి, చప్పట్లకి బదులు. గాలికి చేను ఊగినట్టు చప్పుడు లేకుండా ఊగింది జనం. పాట పాడిన అమ్మాయి మైకు వదిలేసి ఆమె వంకే చూస్తోంది. టైలరక్క చేతులు ఎత్తలేదు. బెలూన్ని రెండు చేతులా పట్టుకుని, గడ్డం దానికి ఆనించి, కళ్లు తుడుచుకోకుండా కూర్చుంది.

ఆమె మెట్లు దిగుతుంటే జేబులో ఫోన్ వణికింది. స్టేజీ వెనక, తీగల చుట్టల మధ్య నిలబడి ఎత్తింది.

"ఏమే, ఎక్కడున్నావ్?" అత్తయ్య గొంతు గుసగుసగా ఉంది. "ఆయనొచ్చి కూర్చున్నారు. వీడు నోరు విప్పడంలేదు, నేలచూపులు చూస్తున్నాడు. నాకేం మాట్లాడాలో తెలియట్లేదు. స్పీకర్లో పెడుతున్నా, నువ్వు చెప్పు. నరాల జబ్బు సంగతి."

ఫోన్లోంచి హాలంతా వినబడింది. ఫ్యాను కిరకిర. టీ కప్పు సాసర్ మీద పెట్టిన చప్పుడు. కూతురి కాలి గజ్జె కూడా, తలుపు చాటున ఎక్కడో. "చెప్పండమ్మా," అన్నాడు మేనేజరు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. "ఇంతకాలం మీరే కదా ఫోన్లు చేసేవారు. మీ గొంతు నాకు బాగా గుర్తు."

ఆమె పెదాలు విచ్చుకున్నాయి. గొంతులో దారి సిద్ధంగానే ఉంది, మాట అడుగేస్తే చాలు. ఎంత సులువో! ఇంటి మీద ఇంకొన్నాళ్లు కప్పు నిలుస్తుంది. హాల్లో ఇంతమంది ఒకేసారి ఊపిరి పీల్చుకుంటారు. చాటున నిలబడ్డ పిల్ల కూడా వింటుంది, నేర్చుకుంటుంది.

"సార్," అంది ఆమె. "ఆయన మీ ఎదురుగానే ఉన్నారు. ఆయనకి మాటలొచ్చు. ఆయన్నే అడగండి."

అత్తయ్య "ఓసి నీ..." అని సగంలో మింగింది. ఎవరో కుర్చీలో కదిలారు. ఎన్నో ఏళ్లుగా ఆమె వినని చప్పుడొకటి, అతను గొంతు సవరించుకోవడం, అంత దూరంనుంచి నెమ్మదిగా వచ్చింది.

"సార్... అదేంటంటే..."

ఆ తర్వాత మాట వినకుండానే ఆమె ఫోన్ పెట్టేసింది.